చుక్క మెడలో వేపమండలు

మద్రాసు రేసు మైదానంలో గవర్నరు దొర కళ్లముందే కప్పు గెలిచిన గుర్రాన్ని, పులి నోటి ముందు నుంచి ఒంటిచేత్తో లాక్కొచ్చినవాణ్ణి నేను. ఈ మాట మార్కాపురంలో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. వినేవాళ్ల ఓపికను బట్టి ఆ పులులు ఒకటి నుంచి మూడు దాకా పెరిగాయి. మనవళ్లకు చెప్పేటప్పుడు ఒక సింహం కూడా కలిసింది.

మొన్న చెదలు తిన్న గడపను మార్చడానికి వచ్చిన వడ్రంగి, దాని అడుగు నుంచి తుప్పుపట్టిన ఇనప ముక్క ఒకటి పెరికి నా చేతిలో పెట్టాడు. "ఏంది పెద్దాయనా ఇది, లాడమే కానీ ఎద్దుది కాదే" అన్నాడు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి దాని లాడం రెండు చిన్న రేకులు. ఇది అరచెయ్యంత వెడల్పున, ఒకటే వంపు. చేతిలోకి తీసుకోగానే నాకు తుప్పు వాసన రాలేదు. ఉడికిన ఉలవల వాసన వచ్చింది, దాని వెనకే తడిసిన పలక రాయి వాసన, ఆ రెంటి వెనక ఏదో పాత భయం. అందుకని ఈసారి అబద్ధాలు తగ్గించి రాద్దామని కూర్చున్నాను. మొదటిది ఇప్పుడే దిద్దుతున్నాను. ఆ గుర్రం కప్పు గెలవలేదు. ఒకసారి రెండోదిగా వచ్చింది. ఆ రోజు గవర్నరు అక్కడున్నాడో లేడో నాకు తెలియదు.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. పెద్ద కచేరీలన్నీ మద్రాసులోనే. మా ఇంటి వెనక కొట్టంలో పలకల కార్ఖానా ఉండేది. గని నుంచి బండ్ల మీద వచ్చిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక అయ్యేది. పొద్దున్నే మా అమ్మ జొన్న సంగటి కెలికే చప్పుడు, కొట్టంలో రాయి గీసే చప్పుడు ఒకేసారి మొదలయ్యేవి. ఆ రాతిపొడి మా అందరి కనుబొమల మీద బూడిదలా ఉండేది. పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు కూడా చెవుల వెనక పొడి కడుక్కోవడం మరిచిపోయి కార్ఖానా వాళ్లమని పట్టుబడేవాళ్లు. నాయన పనీ లెక్కా చూసేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పలకల పెట్టెలు రైలెక్కించి మద్రాసు వర్తకులకు అప్పజెప్పి వచ్చేవాడు. పెట్టెలు అప్పజెప్పడం ఒక పూట పని. ఆయన మూడు రోజులకు వచ్చేవాడు. మిగతా కాలమంతా రేసు మైదానం కంచె పక్కన.

పందెం కాసేంత ధైర్యం చిన్నాయనకు లేదు. ఆయనది చూపు పిచ్చి. వస్తూ వస్తూ రేసు పుస్తకం ఒకటి తెచ్చి, మధ్యాహ్నం సద్ది తిన్నాక చట్రాలు బిగించేవాళ్లందరినీ కూర్చోబెట్టి గుర్రాల పేర్లు చదివేవాడు. ఏది మొదట ఎలా కదిలిందో, ఏది మలుపులో ఎలా వెనకబడిందో, కొట్టం ఈ మూల నుంచి ఆ మూలకు తానే పరుగెత్తి చూపేవాడు. జన్మలో రేసు చూడని మనుషులు, పొదిలి దాటి పోనివాళ్లు, పగిలిన పలకల మీద ఎవరికి నచ్చిన గుర్రం పేరు వాళ్లు రాసిపెట్టుకునేవాళ్లు. వక్కలూ బీడీలే పందెం. ఫలితం వారానికో పదిరోజులకో పేపర్లో వచ్చేది. అప్పటిదాకా ఆ పేరు తుడవకూడదని కట్టడి. చట్రాలకు మేకులు కొట్టే నాగవ్వకు చదువు రాదు. ఆమె పలక మీద ఎప్పుడూ ఒక చుక్క మాత్రం ఉండేది. "నాకు ఆ నొసట చుక్క దాని పేరే రాయండి, మళ్లా మళ్లా అడగొద్దు" అనేది. ఆ గుర్రం పేరు ఈవినింగ్ స్టార్. అది ఓడినప్పుడల్లా వక్క ఇచ్చేసి, "దానికి ఒళ్లు బాగలేదేమో" అని మళ్లీ దాని మీదే కాసేది.

ఈ నాగవ్వ పోలేరమ్మ గణాచారి కూడా. జాతరనాడు అమ్మ ఆమె ఒంటిమీదికి వచ్చి పలికేది. మిగతా రోజుల్లో మేకులు కొట్టేది. ఆమె మనవరాలు కాశమ్మ పక్కనే కూర్చుని చట్రాలు అందించేది. నాకంటే రెండేళ్లు చిన్నది, అప్పటికే నా మాట దేన్నీ నమ్మేది కాదు.

ఈవినింగ్ స్టార్ మా ఊరికి రావడం చిన్నాయన చలవే. పరుగు తగ్గి, ముంగాలి నరం పట్టేసిన గుర్రాలను జట్కాలకు అమ్మేస్తున్నారని తెలిసి, స్టేషను దగ్గర జట్కా తోలే మస్తానును ఆయన మద్రాసు తీసుకుపోయాడు. ఇద్దరూ కలిసి దాన్ని గూడ్సు పెట్టెలో తెచ్చారు. ఆ రోజు కార్ఖానా మూతపడింది. అందరం స్టేషనుకు నడిచాం. దేవుడి ఉత్సవానికైనా అంత వంగి దణ్ణం పెట్టలేదేమో మా వాళ్లు. గోధుమరంగు ఆడగుర్రం, నొసట తెల్లటి చుక్క. మస్తాను దాన్ని చుక్క అనే పిలిచాడు. అప్పటి నుంచి ఊరంతా చుక్కే. దాని ఉలవలు మా ఇంట్లోనే ఉడికేవి. గుగ్గిళ్లు దానికి, ఆ కట్టుతో కాచిన చారు మాకు. "గుర్రం తిన్నాక మిగిలింది మనం తాగాల్సి వచ్చె" అని నాయన సణుగుతూనే రెండోసారి పోయించుకునేవాడు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. అదే ఏడు స్టేషను దారిలో గుంటలో పడి చుక్క పట్టేసిన కాలు మళ్లీ వాచింది. బండి లాగలేదు. గుర్రం గుడ్డిదైనా దానా తప్పదంటారు కదా, కుంటిదైనా అంతే. మస్తాను ఇంట్లో పిల్లలకు పెట్టే జొన్నలే దానికీ తగ్గించి తగ్గించి పెట్టేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి బయట మైదానంలో సర్కసు దిగింది.

పులి అరుపు విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, విననివాళ్లకు చెప్పినా తెలియదు. సాయంత్రం మేత వేళకు అది అరిచేది. అది చెవికి వినపడకముందే కడుపుకు తెలిసేది. కట్టుకొయ్యల దగ్గర ఎద్దులు మలమూత్రాలు విడిచేవి. మా అమ్మ దీపం పెట్టకముందే తలుపు గడియ వేసేది. ఆడవాళ్లు ఆ దిక్కు బావికి పోవడం మానేశారు. అరుపు ఆగిందంటే మేత పడిందని అర్థం. ఆ మేత ఏమిటో ఊరందరికీ తెలుసు. సర్కసువాళ్లు కొనకనమిట్ల దాకా పోయి ముసలి గాడిదలూ, పనికిరాని గుర్రాలూ కొనుక్కొస్తున్నారు. అరుపు ఆగిన తర్వాతి నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టేది.

ఒక మధ్యాహ్నం మస్తాను కార్ఖానాకు వచ్చి, తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది మస్తానూ, మాట్లాడవే?" అన్నాడు చిన్నాయన.

"శనివారం వస్తాడంటన్నా."

"ఎవరు?"

"పులులోడు. నిన్న వచ్చి చూసిపోయినాడు. సంతలో సొరకాయ గిచ్చినట్ల దాని డొక్క గిచ్చి చూసినాడు."

మేకులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. చిన్నాయన లేచి నిలబడ్డాడు. "అది ఈవినింగ్ స్టార్ మస్తానూ. నువ్వు ఇచ్చేది ఏదో గుర్రాన్ని కాదు."

"గుర్రమే అన్నా. నువ్వు దాన్ని పుస్తకంలో చదువుకున్నావు. నేను దానికి గడ్డెయ్యాల."

నాగవ్వ తన సద్ది ముంత మస్తాను ముందుకు జరిపింది. ఆ రోజే మా ఉద్యమం మొదలైంది. ఉద్యమమంటే కాంగ్రెసు వాళ్లదే అనుకునే రోజులవి. మాదీ ఉద్యమమే. పగిలిన పలకలన్నీ పోగేసి, బలపంతో "చుక్కను పులికి వేయవద్దు", "పందెపు గుర్రాన్ని చంపవద్దు" అని రాసి, సర్కసు దారి పొడుగునా కంపచెట్లకు వేలాడదీశాం. రాయడం రాని నాగవ్వ గుర్రం బొమ్మ వేసింది. అది కుక్కలా వచ్చింది. "కుక్కనైనా చంపగూడదులే" అని దాన్నీ కట్టించింది. మర్నాడు సర్కసులో బఫూను ఆ కుక్క పలకను మెడలో వేసుకుని నాలుగు కాళ్ల మీద కుంటుతూ నడిచాడంట. జనం పడీపడీ నవ్వారు. చెప్పడానికి సిగ్గే, చూసొచ్చిన మా వాళ్లు కూడా కొట్టంలో దాన్ని తల్చుకుని నవ్వారు. చిన్నాయన నవ్వలేదు.

శుక్రవారం నాటికి మాకు ఏ దారీ కనపడలేదు. అప్పుడు నాకు తోచింది. పోలేరమ్మకు వదిలిన దేవరపోతును ఎవరూ తాకరు. అది ఎవరి చేలో మేసినా అదిలించరు, ఎవరి గాదె దగ్గర నిలబడినా దోసెడు గింజలు పెట్టి దణ్ణం పెడతారు. చుక్కను అమ్మకు వదిలేస్తే పులులోడు కాదు కదా కలెక్టరు కూడా పగ్గం వెయ్యలేడు. ఈ మాట చెప్పగానే కొట్టమంతా నన్ను మెచ్చుకుంది. మస్తానును అడిగితే, "మా పీర్లకు మీరు కొబ్బరికాయ కొట్టటంల్యా, మీ అమ్మకు నేను గుర్రమిచ్చేది తప్పా. కానియ్యండి" అన్నాడు. అప్పుడే పసుపు కలిపి చుక్క నొసటా వీపునా పూసి, కుంకుమ పెట్టి, మెడలో వేపమండలు కట్టి, తప్పెట కొట్టించి ఊరంతా తిప్పాం. నాగవ్వ ఆ పూట బేస్తవారిపేటలో చుట్టాల ఇంటికి పోయి ఉంది. ఆమె ఉంటే అప్పుడే ఆపేదేమో.

శనివారం సర్కసు మనిషి పగ్గంతో వచ్చాడు. వేపమండలు చూశాడు, చుట్టూ నిలబడ్డ జనాన్ని చూశాడు. వెంట తెచ్చుకున్న కూలీలు ఈ ప్రాంతం వాళ్లే. వాళ్లు చెప్పులు విడిచి చుక్కకు దణ్ణం పెట్టి, "మావల్ల కాదు దొరా" అని వెనక్కి తగ్గారు. అతను ఏదో అరవంలో తిట్టుకుంటూ పోయాడు. ఇదీ నేను పులి నోటి నుంచి లాక్కొచ్చిన కథ. పులి అక్కడికి చాలా దూరంలో, బోనులో ఉంది. ఆ వారంలోనే సర్కసు పొదిలికి లేచిపోయింది.

కంభం పని మీద పోయిన నాయన ఆదివారం వచ్చాడు. వీధిలో చుక్కను చూసి, కాళ్లు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి వచ్చాడు.

"ఎవర్రా దానికి పసుపు పూసింది?"

నేను గర్వంగా ముందుకొచ్చాను. "నేనే నాయనా. అమ్మకు వదిలేసినాం. ఇంక దాన్ని ఎవురూ ఏమీ చెయ్యలేరు."

"శివుడికి వదిలితే ఆబోతు, చచ్చేదాకా తిరుగుతాది. అమ్మకు వదిలితే దేవరపోతు. జాతరనాడు దాన్నేం చేస్తార్రా?"

ప్రతి జాతరకూ చూసినవాణ్ణే. తప్పెటలు, పోతురాజు కత్తి, ఒక్క వేటు. పుట్టినప్పటి నుంచి చూసినది ఆ శుక్రవారం ఒక్కరికీ గుర్తు రాలేదు. అమ్మ పేరు చెబితే ఎవరూ తాకరన్నంత వరకే మా బుర్రలు పనిచేశాయి.

"పులికి తప్పించి పోలేరమ్మకు పెట్టినారు. బాగుండాది మీ తెలివి" అని నాయన లోపలికి పోయాడు. ఆ రాత్రి ఆయన ఉలవచారు పోయించుకోలేదు.

ఇక జాతర దాకా గడిచిన రోజుల గురించి ఎంత రాసినా నాకు తృప్తి ఉండదు. కరువులో మనుషులకే గంజి చాలని ఊళ్లో చుక్కకు గడపగడపనా కుడితి పెట్టారు, గుప్పెడు గింజలు పెట్టారు. కాలి వాపు తగ్గింది. డొక్కలు నిండాయి, ఒళ్లు మెరిసింది. అదంతా చూసి సంతోషించాల్సినవాణ్ణి, చూడలేకపోయేవాణ్ణి. గింజలు పెట్టిన ప్రతివాళ్లూ దాని మెడ నిమిరేవాళ్లు. ఎందుకు అందరూ మెడే నిమురుతున్నారా అని నాకు ఒళ్లు జలదరించేది. అది మాత్రం వీధిలో నన్ను చూడగానే చెవులు నిక్కబొడిచి దగ్గరికొచ్చేది. నేను సందు తిరిగి తప్పుకునేవాణ్ణి. తిరిగొచ్చిన నాగవ్వ సంగతి విని చేతిలో సుత్తి కింద పెట్టింది. తన పలక మీది చుక్కను చెంగుతో తుడిచేసింది. ఫలితం రాకముందు తుడవడం అదే మొదటిసారి.

అంతలో గిద్దలూరు దారి పల్లెల్లో గత్తర, అదే కలరా, తగిలిందని కబురొచ్చింది. ఇప్పటి పిల్లలకు గత్తరంటే తెలియదు. పొద్దున పలకరించిన మనిషి సాయంత్రానికి ఉండడు. గడపలకు పసుపు పూశారు, వీధి మొదట్లో వేపకొమ్మలు కట్టారు. ఒక పొద్దున చిన్నాయన వాంతి చేసుకున్నాడు. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. మా అమ్మ ఉప్పేసిన గంజి చెంచా చెంచాగా పోస్తూ కూర్చుంది. వీధిలో మాత్రం ఒకటే మాట, పోలేరమ్మ అడుగుతోంది అని. గుర్రం పిచ్చి మనిషితోనే మొదలుపెట్టింది చూడండి అని. జాతర దాకా ఆగొద్దు, మంగళవారమే చుక్కను అమ్మకు అప్పజెప్పాలని పెద్దలు తీర్మానించారు.

చిన్నాయన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. గొంతు గాలిలా ఉంది. "ఓబులేసూ, నన్ను చూపించి దాన్ని అడుగుతారు. ఇయ్యొద్దురా."

"ఇయ్యం చిన్నాయనా" అన్నాను. అంటూనే, ఇచ్చేస్తే ఈయన బతుకుతాడేమో అని లెక్క వేసుకుంటున్నాను. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో, ఒకే ఊపిరిలో ఉండటం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మంగళవారం ఎండ వాలకముందే పోలేరమ్మ రాయి దగ్గర జనం నిలబడ్డారు. అంతమంది ఉండి కూడా ఒక్క పిల్ల ఏడవలేదు. పోతురాజు కత్తికి నిమ్మకాయ గుచ్చి పక్కన నిలబడ్డాడు. మస్తాను దూరంగా నేల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. చుక్క పగ్గం నా చేతిలో ఉంది. తప్పెటలు మొదలైతే గుర్రం బెదరాలి. అది బెదరలేదు, మైదానంలో జనం చప్పుడు ఎరిగినది కదా, తల ఎత్తి చెవులు ముందుకు పెట్టింది. పందెం మొదలవుతుందని అనుకుందేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నాగవ్వ జుట్టు విప్పుకుని ఊగింది. అమ్మ వచ్చిందన్నారు. ఆమె కళ్లు మా కార్ఖానాలోని నాగవ్వ కళ్లు కావు. నేరుగా చుక్క దగ్గరికొచ్చి దాని నొసటికి తన నొసలు ఆనించి చాలాసేపు నిలబడింది. తప్పెటలు వాటంతట అవే ఆగిపోయాయి.

"ఏం కావాల తల్లీ, చెప్పు" అన్నాడు పోతురాజు.

"ఏటేటా పోతునిస్తిరి, తింటి. పొలిమేర చుట్టూ కాపలా తిరిగి తిరిగి నా కాళ్లు బొబ్బలెక్కె. ఎక్కేదానికి నాకొక గుర్రం లేకపాయె. ఇప్పుడిస్తిరి. ఎక్కేదాన్ని కోసి పెడతార్రా?"

కత్తి కిందికి దిగింది. ఒక మేకపోతును తెచ్చారు. చిన్నాయన ఆ రాత్రి గడిచి, మరునాడు గంజి అడిగి తాగాడు. చుక్క తన చావు తాను చచ్చేదాకా అమ్మ గుర్రమై ఊళ్లో తిరిగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ బండికి కట్టలేదు. ఏటా జాతరలో వేపమండలు వేసుకుని అందరికన్నా ముందు నడిచేది. పోయాక పాత పలకల గని గుంతలో పూడ్చి, ఒక లాడం చిన్నాయన తెచ్చి మా గడప కింద పెట్టాడు.

ఇప్పుడు ఊళ్లో పలకలు లేవు. బడిపిల్లలకు బలపం ఎలా ఉంటుందో తెలియదు. మా మనవడు ఫోనులో గుర్రప్పందేలు చూస్తాడు, ఫలితం అప్పటికప్పుడే వచ్చేస్తుంది. ఓడిన గుర్రం ఎక్కడికి పోతుంది రా అని అడిగితే, "తర్వాతి పందేనికి తాతా" అన్నాడు. ఆ తర్వాతో అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. అప్పుడు మేము పులికీ, గత్తరకీ, అమ్మకీ భయపడి బతికాం. ఆ భయాలన్నీ పోవడం మంచిదే, చిన్నాయనలాంటి వాళ్లు ఇప్పుడు సెలైను సీసాతో లేచి కూర్చుంటారు. కానీ ఒక మూగజీవం మెడ వైపు చూడలేక తల తిప్పుకునే భయం కూడా వాటితోపాటే పోయిందా అని అనుమానం. నాగవ్వ సంగతికొస్తే, జన్మంతా ఒకే గుర్రం మీద వక్కలు కాసిన మనిషి ఆమె. ఆ మంగళవారం పలికింది అమ్మా, అవ్వా అని ఎవరైనా అడిగితే నేను కన్ను గీటి ఊరుకుంటాను.

ఇంతవరకూ రాసి, నాగవ్వ మనవరాలు కాశమ్మకు చదివి వినిపించాను. ఆమె నన్ను పెళ్లాడి అరవై ఏళ్లు దాటింది, నన్ను నమ్మడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. చెనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"అయిపాయనా?"

"అయిపోయింది. ఎట్లుంది?"

"పగ్గం నీ చేతిలో యాడుంది? నువ్వు తడిక వెనకాల చెవులు మూసుకోని కూచున్నావు. పట్టుకున్నది నేను. ఇంక ఆ కన్ను గీటేది మానుకో. మా అవ్వ నాటకమాడలే. ఒంటిమీదికి వచ్చే ముందు నా చెవులో ఏమనిందో తెలుసునా? 'అమ్మ అడిగితే నేను ఆపలేను పిల్లా, పగ్గం వదిలేసి దూరం పో' అనింది. ఆమెకు నీకంటే ఎక్కువ భయం. అయినా పోయి దాని నొసట నొసలు పెట్టింది. నేను పగ్గం వదల్లే. అది రాసుకో."